పుట్టింటి మలుపులో ఆగని బండి

గంజాం జిల్లా బరంపురం నుంచి 57 ఏళ్ళ గృహిణి ఒకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఇంటి వివరాలు కొన్ని తీసేసి, విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

భర్త రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా పనిచేసి ఏడాదిన్నర కిందట రిటైరయ్యారు. కొడుకు బెంగళూరులో. ఇంట్లో వీళ్ళిద్దరూ, 81 ఏళ్ళ అత్తగారూ ఉంటారు. భర్త స్నేహితుడొకాయన పాత టెంపో ట్రావెలర్‌ను షెడ్డులో ఇచ్చి క్యారవాన్‌గా మార్పించుకున్నాడు. లోపల రెండు పడకలు, చిన్న సింకు, ఇండక్షన్ స్టవ్, తెర వెనక ఒక పోర్టబుల్ టాయిలెట్. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో నడపలేక 14 లక్షలకు ఇచ్చేస్తానంటున్నాడు. చూసుకుని కొనుక్కోమని ఎనిమిది రోజులు బండి చేతికిచ్చాడు. సంక్రాంతి వెళ్ళాక ముగ్గురూ బయల్దేరారు. ముందు ఉత్తరాన పూరీ దాకా, మళ్ళీ వెనక్కొచ్చి దక్షిణాన విశాఖ దాకా, వీలైనంతవరకు సముద్రం వెంబడే. ఆయన షరతు ఒక్కటే, ప్లాన్ అనేది ఉండకూడదు. "36 ఏళ్ళు గడియారం చూసి బండ్లు పంపించాను. ఇక ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగుతాను" అన్నారట.

అన్నట్టే ఆగారు. గోపాల్‌పూర్ ఇంటికి 15 కిలోమీటర్లు, అక్కడే సగం రోజు అయిపోయింది. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఇసుకలోకి దించితే వెనక చక్రం ఇరుసు దాకా కూరుకుపోయింది. జాలరులు వచ్చి చక్రం కింద కొబ్బరి మట్టలు పరిచి, పడవ తోసినట్టు తోసి బయటపడేశారు. చిలికా దాటడానికి జన్హికుడ రేవుకు చేరేసరికి ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయింది, ఆ రాత్రి రేవులోనే. అత్తగారికి షుగరు, రాత్రి నాలుగుసార్లు లేవాలి. అప్పటికే టాయిలెట్ డబ్బా నిండిపోయింది. ఫోన్ లైటు పట్టుకుని, ఇంకో చేత్తో అత్తగారి భుజం పట్టుకుని చీకట్లో తుప్పల దాకా నాలుగుసార్లు నడిచింది ఈవిడే. భర్త పై పడక మీద హాయిగా నిద్రపోయారు. పొద్దున్నే లేచి "చూశావా, ఇలాంటి సూర్యోదయం ఏ హోటల్లో దొరుకుతుంది?" అన్నారట.

తిరిగొచ్చి మూడు వారాలైంది. ఆయన బండి కొంటానంటున్నారు, దసరా వెళ్ళాక కన్యాకుమారి దాకా పోదామంటున్నారు. ఈవిడ వద్దంది. అప్పట్నుంచి ఆయన కావాల్సిన మాట తప్ప మాట్లాడ్డం లేదు. కొడుకు ఫోన్‌లో "నాన్నకి ఇన్నాళ్ళకి ఒక సరదా పుట్టింది, ఒప్పుకోమ్మా" అంటున్నాడు. చుట్టాలు "ఎంత అదృష్టమే నీది" అంటున్నారు. స్నేహితుడేమో వేరే బేరం వచ్చింది, నెలాఖరులోగా తేల్చమంటున్నాడు. "బండి కొననివ్వాలా వద్దా? అందరికీ నచ్చింది నాకెందుకు నచ్చలేదు, తప్పు నాదేనా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

నెలాఖరు గొడవ ముందు తీసి పక్కన పెట్టండి. పాత బండి అమ్మేవాడికి వేరే బేరం ఎప్పుడూ ఉంటుంది. షెడ్డులో చేయించిన క్యారవాన్ కోసం బరంపురంలో జనం క్యూ కట్టి నిలబడరు. ఒకవేళ నిజంగానే ఎవరైనా కొనుక్కుపోతే పోనివ్వండి, ఇంకోటి దొరుకుతుంది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది చక్రం కూరుకుపోవడమూ కాదు, రేవులో ఆ రాత్రీ కాదు. తొమ్మిదో పేజీ అడుగున, చోటు చాలక అంచు వెంబడి తిప్పి రాసిన నాలుగు లైన్లు. పూరీ నుంచి వెనక్కొచ్చి ఇచ్ఛాపురం దాటాక, హైవే మీంచి కవిటి వైపు తిరిగే మలుపు వచ్చింది. అక్కడికి కాస్త దూరంలోనే మీ పుట్టిల్లు. 2018లో తిత్లీ తుఫానుకు మీ అన్నయ్యగారి కొబ్బరి తోట నేలమట్టమైంది. తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి, మొదటి గెల చూసి వెళ్ళమని వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. "ఒక్క గంట ఆగుదాం" అని మీరు అన్నారు. "లైట్‌హౌస్ వెలిగే టైముకి కళింగపట్నం చేరాలి, ఇప్పుడెక్కడ?" అని ఆయన పోనిచ్చారు. ఆ తర్వాత కాశీబుగ్గలో జీడిపప్పు బేరమాడుతూ ముప్పావు గంట ఆగారు. కళింగపట్నం ఎలాగూ చీకటి పడ్డాకే చేరారు.

ఈ సంగతి చివర్న, "ఇది చిన్న విషయమే అనుకోండి" అని కూడా చేర్చి రాశారు. నాకైతే మిగతా ఎనిమిది పేజీలూ దీని కోసమే రాసినట్టు కనిపించింది.

గడియారం వద్దన్న మనిషికి కవిటి మలుపు దగ్గర గడియారం ఎలా గుర్తొచ్చింది? అంటే ఆ ప్రయాణంలో ప్లాన్ లేకపోవడం నిజం కాదు. ప్లాన్ ఉంది, అది ఆయన మనసులో ఉంది. మీకు ప్లాన్ తెలీదు కాబట్టి మీరు ఏదీ అడగడానికి వీల్లేకపోయింది. ముందే రాసుకున్న ప్రయాణమైతే "మూడో రోజు మధ్యాహ్నం అన్నయ్య ఇల్లు" అని ఒక లైను రాయించుకునేవారు. ఏమీ రాయనిచోట స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే చెల్లుతుంది. స్టేషన్ మాస్టర్‌గారు 36 ఏళ్ళు చేసిన పని కూడా ఒకరకంగా అదే కదా. ఏ బండి ఆగాలి, ఏది ఆగకుండా వెళ్ళిపోవాలి అని చెప్పడం. (ఈ మాట ఆయనతో నవ్వుతూ అనగలిగితేనే అనండి. కోపంగా అంటే మాత్రం ఇంకో మూడు వారాలు మాటలుండవు.)

ఆయన్ని దుర్మార్గుడిగా నేను చూడట్లేదు. తెల్లవారుజామున డ్యూటీ, పండగ పూట డ్యూటీ, ఒక్క నిమిషం ఆలస్యానికి సంజాయిషీ. అలా బతికిన మనిషికి రోడ్డు పక్కన బండాపి ఊరికే నీళ్ళకేసి చూడ్డం అనేది ఎంత పెద్ద సుఖమో మనం ఊహించగలం. ఆ సుఖాన్ని సరదా అని కొట్టిపారేయకండి. కానీ ఆయన రిటైరయ్యారు, మీరు కాలేదు. ఆయన షిఫ్టుల ప్రకారం అన్నం వండిన చెయ్యే బండిలో రెండడుగుల బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని రోజుకు రెండు పూటలా వండింది. ఆయనకు ఇల్లు వదిలి వెళ్ళినట్టుంది. మీకు మాత్రం ఇల్లే వెంట వచ్చింది, అదీ ఇంకా ఇరుగ్గా.

అందరికీ నచ్చింది మీకెందుకు నచ్చలేదు అన్నారు. మీకు నచ్చింది కూడా ఉంది, మీరే పేజీన్నర రాశారు. పూరీలో పెంటకోట. జాలరిపేట పక్కన ఆయన ఉన్నట్టుండి బండాపితే, మీరు చిరాగ్గా దిగారు. ఎండు చేపలు తిరగేస్తున్న ముసలమ్మ తలెత్తి తెలుగులో "ఏ వూరమ్మా మీది?" అంది. బారువ వైపు నుంచి వాళ్ళ తాతల కాలంలో వచ్చారట. గంజాం నుంచి పూరీ దాకా ఈ తీరంలో ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే జాలరులు చాలామంది మన తెలుగువాళ్ళే. మీ చక్రం పైకి లేపినవాళ్ళు కూడా బహుశా వాళ్ళే అయ్యుంటారు. మీ అత్తగారు ఆ ముసలమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఏ ఊళ్ళో ఎవరి ఇంటిపేరేమిటో గంటన్నర మాట్లాడారు. రాత్రి మందులు వేసుకోవడం కూడా మర్చిపోయారు. "ఇంట్లో కంటే ఇదే బాగుందే" అని ఆవిడ అన్నారని మీరు కొంచెం దెప్పుతున్నట్టు రాశారు. నాకది వేరేలా వినిపించింది. ఇంట్లో ఆవిడకు కిటికీలోంచి ఒకే గోడ కనిపిస్తుంది. ఆ ఎనిమిది రోజులూ కిటికీలో ఊళ్ళు మారాయి. కాబట్టి ఆగడం మీద మీకు పేచీ లేదు, అనుకోకుండా ఆగడం మీదా లేదు. పేచీ ఎక్కడంటే, ఆగే చోటు చెప్పే వంతు మీకు రాలేదు. ఆగిన ప్రతిచోటా చాకిరీ మాత్రం మీ వంతుకే వచ్చింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

గట్టిగా వద్దనొచ్చు. డబ్బు నిలుస్తుంది. 14 లక్షలు ఏడు శాతం వడ్డీకి వేసినా ఏడాదికి 98 వేలు. అంత డబ్బుతో ఏటా కొన్నాళ్ళు బండి అద్దెకు తీసుకుని తిరగొచ్చు, అసలు కదలదు. ఇది బలమైన లెక్కే. కానీ ఉత్త వద్దు అంటే, రేపు ఆయనకు ఒంట్లో బాగోక తిరగలేని రోజు వచ్చినప్పుడు ఆ తిరగలేకపోయిన ఊళ్ళన్నీ మీ ఖాతాలో పడతాయి. అందుకని వద్దంటే దేన్ని వద్దంటున్నారో విడదీసి చెప్పండి. "తిరగడం వద్దనలేదు, ఈ బండి వద్దన్నాను" అనేది ఒక మాట. "నీతో రాను" అనేది వేరే మాట. ఇప్పుడు ఆయన చెవిలో ఆ రెండోదే మోగుతోందని నా అనుమానం.

కొననివ్వొచ్చు. అలాగైతే ముందు ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, అడిగి చూడండి. మీరే చూడండి, స్నేహితుల మధ్య కాగితాలు అడగడానికి మగవాళ్ళు మొహమాటపడతారు. ఆ ఆర్‌సీలో బండి క్యారవాన్ అని ఉందా, ఇంకా ఇన్ని సీట్ల ప్యాసింజరు బండి అనే ఉందా? అద్దెకు తిప్పే బండికుండే పసుపు బోర్డా, సొంత బండికుండే తెల్ల బోర్డా? మన రూల్సులో మోటార్ క్యారవాన్ అని ఒక రకం విడిగా ఉంది. కూర్చోడానికి సీట్లూ బల్లా, పడుకునే ఏర్పాటు, వండుకునే వసతి, సామాను పెట్టుకునే చోటు ఉండాలని అందులోనే చెప్పారు. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ పొంతన లేకుండా బండిని మార్చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సీట్లు పీకి పడకలు వేసి, ఆ మార్పు కాగితంలో ఎక్కించకపోతే మూడు చిక్కులు. ఇచ్ఛాపురం దగ్గర చెకింగులో ఆపితే జవాబుండదు. యాక్సిడెంటైతే ఇన్సూరెన్సువాళ్ళకు మెలిక దొరుకుతుంది. రేపు మీరు అమ్మబోతే కొనేవాడు కూడా ఇదే అడుగుతాడు. పసుపు బోర్డయితే పర్మిట్టు, ఫిట్‌నెస్, రాష్ట్రం దాటితే ట్యాక్సు, అన్నీ తోడవుతాయి. ఆర్టీవో ఆఫీసులో కాగితం సరిచేయించి ఇస్తేనే కొంటామని చెప్పండి. సరిచేయించగలిగితే బేరం బాగున్నట్టే. అతను నసిగాడంటే, మీరు వద్దనక్కర్లేకుండా బండే తప్పుకుంటుంది. మీ మీదకు మాట రాదు. ఆయన ఎలాగూ జీవితమంతా రూల్ బుక్ పట్టుకుని పనిచేసిన మనిషి, ఈ కారణం ఆయనకు త్వరగా ఎక్కుతుంది.

కాగితాలు సరిగ్గా ఉన్నా, ఆ పోర్టబుల్ టాయిలెట్‌తో మాత్రం బండి కొనకండి. అలాంటి వాటికి మహా అయితే ఇరవై లీటర్ల డబ్బా ఉంటుంది. ముగ్గురికి, అందులో షుగరున్న పెద్దావిడ ఉన్నచోట, అది రెండో రోజుకే నిండుతుంది. పెద్ద డబ్బాతో, బయటి నుంచి తీసి ఖాళీ చేసేలా, పెద్దావిడ పట్టుకుని లేవడానికి కడ్డీ ఉండేలా మార్పించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఖాళీ చేసే పని ఎవరిదో కూడా కొనే ముందే తేలాలి. బండి ఎవరి సరదానో వాళ్ళదే ఆ పని కావాలని నా అభిప్రాయం. మీరు వంట చేసినా చేయకపోయినా, ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి. ఖాళీ చేసేది పెట్రోలు బంకులోనో, లాడ్జీలోనో అడిగి మరుగుదొడ్డిలో పోయాలి తప్ప, చిలికా గట్టు మీదో సముద్రం ఒడ్డునో కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మూడో దారి, కొనకుండా అద్దెకు తీసుకుని ఇంకో రెండుసార్లు వెళ్ళడం. నాకు ఇదే కాస్త ఎక్కువ నచ్చుతుంది. దీనికి ఉన్న లోటేమిటంటే, అద్దె బండికి రోజు లెక్క ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ ఆగే స్వేచ్ఛ ఆయనకు తగ్గుతుంది. "మళ్ళీ టైంటేబులేనా" అంటారు. లాభమేమిటంటే, మొదటిసారి మోజు తగ్గాక అసలు ఇష్టం ఎంత మిగిలిందో ఆయనకే తెలుస్తుంది. మొదటి ట్రిప్పు ఎవరికైనా బాగానే ఉంటుంది. రెండోసారి టైరు మార్చుకున్నాక, మూడోసారి నడుం పట్టేశాక కూడా వెళ్దామంటే అప్పుడు కొనండి.

నాలుగో దారి మీరు రాయలేదు, నేనే చెబుతున్నాను. ఆయన్ని వెళ్ళనివ్వండి, మీరు మొత్తం వెళ్ళకండి. ఆయన స్నేహితుడెవరినైనా తీసుకుని రోడ్డున వెళ్తారు. మీరు నచ్చినచోట రైల్లో వెళ్ళి కలుస్తారు. రిటైరైన రైల్వే ఉద్యోగికి పాసులుంటాయి, భార్యకూ చెల్లుతాయి. పూరీలో రెండు రోజులు కలిసి ఉండి, రైల్లో ఇంటికి రావచ్చు. ఇందులో మీ అత్తగారి సంగతి చిక్కు. ఆవిడ బండిలో ఉంటే మీరూ ఉండాలి, ఇంట్లో ఉంటే మీరూ ఇంట్లో ఉండాలి. ఆవిడ కొడుకు ఒక ట్రిప్పు తల్లిని తనే చూసుకుంటూ తిప్పితే ఎలా ఉంటుందో అడిగి చూడండి. వెక్కిరింపుగా కాదు, నిజంగానే. రాత్రి నాలుగుసార్లు ఆయన లేచాక రేవులో సూర్యోదయం గురించి ఏమంటారో వినాలని నాకూ ఉంది.

ఏ దారి పట్టినా, ఆగడం గురించి మీ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉండాలి. ప్లాన్ అనకండి, ఆ మాటకే ఆయన బిగుసుకుపోతారు. పగలు ఎక్కడైనా ఆగండి, ఎంతసేపైనా. కానీ బండిలో ఉన్న ప్రతి మనిషికీ రోజుకు ఒక చోట, కారణం చెప్పక్కర్లేకుండా, ఆపించే హక్కు ఉండాలి. మీరు ఆపమంటే అది గుడైనా, చీరల షాపైనా, చింతచెట్టైనా, ఎందుకు అని అడక్కూడదు. అత్తగారికీ అంతే. రాత్రి బస సంగతి మాత్రం మధ్యాహ్నం మూడింటికే తేలిపోవాలి. శీతాకాలంలో మన తీరాన ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, చీకట్లో చోటు వెతుక్కోవడం ఆ వయసులో సరదా కాదు. హైవే పక్కన మట్టిలోకి దింపి పడుకోవడం అసలే వద్దు, వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు ఆగి ఉన్న బండి చివరి క్షణం దాకా కనబడదు. గోపాల్‌పూర్, రంభ, బర్కుల్, పూరీల్లో ఒడిశా టూరిజంవాళ్ళ పాంథనివాస్‌లు ఉన్నాయి. అక్కడ ఒక గది తీసుకుని మీరూ అత్తగారూ అందులో పడుకోండి, ఆయన బయట బండిలో పడుకుని చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఒక పూటైనా వంట బయటే. రంభ దాకా వెళ్ళి చిలికా పీత తినకుండా మీరు బండిలో చారు కాచారని చదివి నాకు నిజంగా బాధేసింది.

ఆయన అన్న రెండు మాటలకు మాత్రం అడ్డు చెప్పక తప్పదు. ఒకటి, మార్చిలో మళ్ళీ రుషికుల్య దగ్గర ఇసుకలోనే రాత్రి గడిపి తాబేళ్ళను చూడాలన్నారట. ఆలివ్ రిడ్లీలు వేలల్లో గుడ్లు పెట్టే తీరం అది, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. నెలన్నర తర్వాత పిల్లలు ఇసుకలోంచి రాత్రిపూట బయటికొచ్చి, వెలుతురు ఉన్న దిక్కుకు పాకుతాయి. మామూలుగా సముద్రం మీద వెలుతురే వాటికి దారి. ఒడ్డున మీ బండి లైటు వెలిగితే ఇటు తిరుగుతాయి, తెల్లారేసరికి కాకులకూ కుక్కలకూ దొరికిపోతాయి. అటవీశాఖవాళ్ళు ఆ రోజుల్లో రానివ్వరు కూడా. చూడాలనుంటే వాళ్ళని అడిగి, బండి ఊళ్ళోనే పెట్టి, నడిచి వెళ్ళండి.

రెండోది, దసరా వెళ్ళాక బయల్దేరతానన్న కన్యాకుమారి ప్రయాణం. మీ ఇంటి గోడ మీద క్యాలెండర్ చూస్తే చాలు. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర వచ్చింది 2018 అక్టోబరు 11న. మన తీరం మీద ఆ రెండో వారం మంచిది కాదని మీ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. మీకు మరీ బాగా తెలుసు. ఎత్తయిన రేకుల పెట్టెలాంటి బండి ఆ గాలికి నిలబడదు. పైగా ఆ తర్వాత నవంబరు, డిసెంబరుల్లో తుఫాన్లు ఎక్కువగా కింద ఆంధ్రా, తమిళనాడు వైపు వెళ్తాయి. ఆ పొడుగు ప్రయాణం జనవరి నెలాఖరున పెట్టుకోండి.

మళ్ళీ కవిటి మలుపు దగ్గరికొస్తాను. ఆయన ఎందుకు ఆగలేదు? మీ అన్నయ్యకూ ఆయనకూ పాత పొలం అమ్మకం దగ్గర మాట పట్టింపు ఉందని, తిత్లీ తర్వాత తోట చూడ్డానికి మీరు ఒక్కరే వెళ్ళారని ఐదో పేజీలో రాశారు. ఆ రెండు సంగతులనూ మీరు కలపలేదు. నేను కలిపి చూస్తే ఇలా అనిపిస్తోంది, తప్పయితే వదిలేయండి. తోట పడిపోయినప్పుడు పలకరించడానికి రాని మనిషికి, కాపు చూడ్డానికి గడప తొక్కాలంటే సిగ్గుగా ఉండదా? లైట్‌హౌస్ ఒక వంక అయ్యుండొచ్చు. నిజంగా సిగ్గే అయితే, "మా పుట్టింటి దగ్గర ఎందుకు ఆపలేదు" అని నిలదీస్తే ఇంకో వంక పుడుతుంది. "అన్నయ్య ముందు మీకు ఇబ్బందిగా ఉందా?" అని ఒక్కసారి, పడుకునే ముందు దీపం తీసేశాక అడిగి చూడండి. చీకట్లో మగవాళ్ళు కొంచెం తేలిగ్గా ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే, వదినతో మీరే ముందు మాట్లాడి, పొలం మాట ఎవరూ ఎత్తకుండా ఒక పూట భోజనానికి ఏర్పాటు చేయొచ్చు. ఒప్పుకోకపోతే ఆయన్ని బలవంతపెట్టి తీసుకెళ్ళకండి. ముఖం ముడుచుకుని కూర్చున్న బావగారిని చూస్తూ మీ అన్నయ్యకు అన్నం దిగదు, మీకూ దిగదు.

ఆయన వచ్చేదాకా మీరు ఆగాల్సిన పని మాత్రం లేదు. బరంపురం నుంచి మీ పుట్టిల్లు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. పూరీ చూశారు, విశాఖ చూశారు, నాలుగేళ్ళుగా ఇది చూడలేదు. ఈ విషయంలో కొంచెం తప్పు మీదీ ఉంది, అనక తప్పదు. ఎవరో బండాపాలని చూస్తూ కూర్చున్నారు. వచ్చే ఆదివారం అత్తగారిని ఒక పూట కొడుక్కి అప్పగించి, పొద్దున్న రైలెక్కండి. ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో దిగితే మీ అన్నయ్య బండి మీద వచ్చి తీసుకెళ్తాడు. ఏ రైలు ఎన్నింటికో, ఏది ఎక్కడ ఆగుతుందో, ఇంట్లోనే అడిగితే చెప్పే మనిషి ఉన్నాడు. మూడు వారాలుగా మాట్లాడని ఆయన ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేరు. వచ్చేటప్పుడు ఆ మొదటి గెలలోంచి నాలుగు బొండాలు తెచ్చి, ఏమీ అనకుండా ఆయనకు ఒకటి కొట్టివ్వండి. తర్వాత ఏమైందో రాయండి, ఈసారి ఆ సంగతి మొదటి పేజీలోనే రాయండి.